మూసిన కట్టలో మనోవర్తి
(మన సంఘము సూరత్‌లో జరిపిన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నాకు ఉత్తరము వ్రాయుచు, ఏదేని సాహిత్య విషయము మాటాడుడనియు, ఇరువది నిమిషములు చాలుననియు కోరిరి. నేను బి.ఏ.లో తెలుగు సాహిత్యము ప్రత్యేకముగ చదువుకొన్నవాడనే. కాని ఇరువది యేండ్లుగ ఫైళ్ల నడుమ కాలము గడపినవానికి పద్యముకంటె నోట్‌షీటు ఎక్కువ అలవాటగును. పద్యములో తప్పు దొరలినచో ఎవరో ఒక పెద్దలు సరిదిద్దుదురు. నోట్‌షీటులో తప్పు దొరలినచో, దానిపై సంతకములు పడిపోవును. అట్టి ఒక తప్పును గూర్చియే నేడు మాటాడదలచితిని. అది నేను చేసినది. పండుగపూట ఇట్టి విషయము తెచ్చినందుకు మన్నింపవలెను. ఈ సభలో కూర్చున్నవారిలో సగమైనను ప్రభుత్వోద్యోగులు, తక్కిన సగము వారి కుటుంబములవారు గనుక, ఈ రెండు సగములకును సంబంధించిన విషయమిదియని నాకు తోచినది.

సూరత్ నాకు క్రొత్త ఊరు కాదు. 2009 నుండి 2012 వరకు నేను గుజరాతులో పని చేసితిని. ఆదివారములందు వీలు చిక్కినప్పుడెల్ల ఇక్కడికి వచ్చి లింబాయత్ వీథులలో తిరుగుట నాకు అలవాటు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చి ఇచ్చటి మరమగ్గములపై జీవించుచున్న పద్మశాలి కుటుంబముల నడుమ కాసేపు నిలుచుండి వారి మాట వినుటయే నాకు పండుగ. ఈ నగరపాలక సంస్థ గుజరాతీతోబాటు తెలుగు మాధ్యమములో గూడ పాఠశాలలు నెలకొల్పినదనిన, మనవారు ఇచ్చట ఎంత నిలదొక్కుకొనిరో తెలియును. అయినను అందరి సంసారములును ఇక్కడ లేవు. అహమ్మదాబాదునుండి చెన్నైకి పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌లో మనిషిని ఎక్కించుకొని వరంగల్లులో దింపును. ఆ రైలుదారికి ఈ కొసను భర్తయు, ఆ కొసను భార్యాబిడ్డలును ఉండు కుటుంబములు అనేకము. చాలవరకు అది జీవనోపాధి తెచ్చిన ఎడబాటు. కొన్నియెడల మాత్రము మనసులు విరిగి ఏర్పడిన ఎడబాటు. నేను చెప్పబోవునది ఆ రెండవ కోవలోనిది.

అప్పుడు నేనొక కేంద్ర ప్రభుత్వ కార్యాలయములో సిబ్బంది విభాగము చూచుచుంటిని. కార్యాలయము పేరు చెప్పను. చెప్పవలసిన పనియు లేదు. మా కార్యాలయమునకు లోబడి సూరత్‌లో పని చేయుచున్న ఒక చిరుద్యోగి మనవాడే. నాటి ఆంధ్రప్రదేశ్‌లోని కరీంనగర్ జిల్లా సిరిసిల్ల ప్రాంతమువాడు. భార్యాభర్తలకు పొసగక, ఆమె పదేండ్ల కూతురును వెంటబెట్టుకొని పుట్టినింటికి పోయినది. తప్పెవరిదో నాకు తెలియదు. తెలిసికొనవలసిన అధికారమును నాకు లేదు. వారి నడుమ రెండు వ్యాజ్యములు నడచినవి. తండ్రి, బిడ్డను తనకు అప్పగింపవలెనని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము క్రింద అచ్చటి జిల్లా న్యాయస్థానములో పిటిషను వేసెను. తల్లి, బిడ్డ పోషణకై క్రిమినల్ ప్రొసీజర్ కోడు 125వ సెక్షను క్రింద మేజిస్ట్రేటు కోర్టులో మనోవర్తి కోరినది. ఒకటి బిడ్డ ఎవరియొద్ద ఉండవలెనను వ్యాజ్యము. రెండవది బిడ్డ ఎవరియొద్ద ఉన్నను తిండి ఎవరు పెట్టవలెనను వ్యాజ్యము.

మా కార్యాలయమునకు మొదట వచ్చిన కాగితము సంరక్షణ వ్యాజ్యమునకు సంబంధించినది. ఉద్యోగి జీతభత్యముల వివరములు పంపుడని కోర్టువారు వ్రాసిరి. గుమాస్తా ఒక ఫైలు తెరచి, అట్టపై "శ్రీ ఫలానావారి కుమార్తె సంరక్షణ వ్యాజ్యము" అని చక్కని అక్షరములతో వ్రాసెను. మూడు నెలల తరువాత మేజిస్ట్రేటు కోర్టునుండి ఉత్తర్వు వచ్చినది: ఈ ఉద్యోగి జీతమునుండి నెలకు 3,000 రూపాయలు మినహాయించి కుమార్తె పోషణార్థము పంపవలెను. గుమాస్తా ఆలోచన ఎట్లు సాగెనో నాకు బాగుగ తెలియును. ఏలననగా ఆ స్థానములో నేనున్నను అట్లే ఆలోచింతును. అదే మనిషి, అదే భార్య, అదే బిడ్డ, అదే జిల్లా. మరొక ఫైలు ఎందుకు? ఉత్తర్వును ఆ ఫైలులోనే పందొమ్మిదవ పుటగ చేర్చెను. ఏడు నెలలు జీతములో మినహాయింపు సక్రమముగ జరిగినది.

అంతలో సంరక్షణ వ్యాజ్యము పడిపోయినది. వాయిదాలకు ఇచ్చటినుండి అంతదూరము పోవుట కష్టమై తండ్రి వరుసగ హాజరు కానందున కోర్టువారు పిటిషను కొట్టివేసిరి. ఆ ఉత్తర్వు నకలు జతపరచి ఆయన మాకొక దరఖాస్తు ఇచ్చెను: "నాపై గల కోర్టు కేసు ముగిసినది గావున తగు చర్య తీసికొన ప్రార్థన." చూడుడు, అది ఆయనపై గల కేసు కాదు, ఆయన వేసిన కేసు. ఈ ఒక్క మాట దగ్గర మేము ఆగియుండినచో తక్కిన కథ జరిగియుండదు. ఆగలేదు. గుమాస్తా రెండున్నర పంక్తుల నోటు వ్రాసెను. "కోర్టు కేసు కొట్టివేయబడినది. ఇక చర్య అవసరము లేదు. ఫైలు రికార్డు చేయవచ్చును." అది మార్చి నెల. నా బల్లపై నలుబది ఫైళ్లున్నవి. నేను సంతకము చేసితిని. ఫైలు 'సి' తరగతిలో చేరి, మూడేండ్ల తరువాత ధ్వంసము చేయవలసినదిగ ముద్ర వేయించుకొని, రికార్డు గదికి పోయినది. నోటు నకలు జీతముల విభాగమునకు చేరినది. 2011 ఏప్రిల్ జీతములో మినహాయింపు లేదు.

మరుసటి ఫిబ్రవరిలో ఒకనాడు మా కార్యాలయపు బంట్రోతు ఒక ఇన్లాండు ఉత్తరము తెచ్చి, "సాహెబ్, ఇది మీ భాషవలె ఉన్నది" అని నా చేతిలో పెట్టెను. తెలుగు తెలిసినవాడను ఆ అంతస్తులో నేనొక్కడనే. ఆ ఉత్తరములోని మాటలు నాకింకను జ్ఞాపకమున్నవి.

"సారుకు నమస్కారం. పది నెలల సంది పైసలు వస్తలేవు. కోర్టు ఇచ్చిన కాయిదం కొట్టేసిన్రా? కొట్టేస్తే నాకెందుకు చెప్పలేదు? ఇది మూడో ఉత్తరం. బిడ్డ ఏడో తరగతి. ఇప్పుడు బడికి పోక నాతోని బీడీలు చేస్తాంది."

మూడవ ఉత్తరమట. తక్కిన రెండును ఏమైనవని వెదకించితిని. అవి వచ్చినవి. చదువువారు లేక, ఉద్యోగి పేరు మాత్రము పోల్చుకొని, రికార్డు గదిలోని ఆ మూసిన ఫైలులోనికే పంపబడినవి. రికార్డు గదికి నేనే పోయి కట్ట విప్పించితిని. పందొమ్మిదవ పుట యథాతథముగ ఉన్నది. దాని మొదటి పంక్తిలోనే కోర్టు పేరు వేరు, కేసు నంబరు వేరు, సెక్షను వేరు. కొట్టివేసిన వ్యాజ్యముతో ఆ కాగితమునకు మా అట్ట తప్ప వేరు సంబంధము లేదు. కోర్టువారు దానిని రద్దు చేయలేదు. రద్దు చేసినది మేము. మాకు లేని అధికారముతో, రెండున్నర పంక్తులలో.

ఆ రాత్రినుండి నేను ఈ మనోవర్తి చట్టమును చదువ మొదలిడితిని. నేను న్యాయవాదిని కాను. చదివి తెలిసికొన్నంతవరకే చెప్పుదును.

భార్యాబిడ్డలను పోషింపనివానిచేత పోషింపజేయు అధికారము మన దేశములో మేజిస్ట్రేటులకు చాలకాలముగ ఉన్నది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో అది 488వ సెక్షను. 1973 కోడులో 125వ సెక్షను అయినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షను. నంబరు మారినను పని ఒక్కటే: తిండికి లేక బిడ్డ వీథిని పడకుండ చూచుట. మొత్తమునకు గరిష్ఠ పరిమితి ఒకటి ఉండెడిది. 1955లో దానిని 500 రూపాయలుగ నిర్ణయించిరి. నాడు అది పెద్ద మొత్తమే. 1973లో క్రొత్త కోడు వ్రాయునప్పుడు గూడ ఆ 500ను కదల్పలేదు. 2001లో గాని పార్లమెంటు ఆ పరిమితిని తీసివేయలేదు. నలుబదియారేండ్లు! మన కరవు భత్యము ఆరు నెలలకొకసారి పెరుగనిచో మనము ఊరకుందుమా? బిడ్డలకు సంఘములు లేవు గదా. అదే 2001 సవరణతో, కేసు తేలులోపల మధ్యంతర మనోవర్తి ఇచ్చు ఏర్పాటును చేసిరి.

ఈ సెక్షను క్రింద వచ్చిన ఉత్తర్వు తన కాళ్లపై తాను నిలుచును. మరియొక చట్టము క్రింద మరియొక కోర్టులో నడచు వ్యాజ్యముపై దాని ప్రాణము ఆధారపడదు. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టములోని 20వ సెక్షను బిడ్డల పోషణను తల్లిదండ్రుల విధిగ చెప్పినది. ఆ చట్టము వచ్చిన తరువాత పాత 488వ సెక్షను చెల్లునా యను వాదము బయలుదేరగా, నానక్‌చంద్ కేసులో 1969లో సుప్రీముకోర్టు, రెండును పక్కపక్కన నిలువగలవనియు వానిమధ్య వైరుధ్యము లేదనియు తీర్పు చెప్పినది. కాగా సంరక్షణ వ్యాజ్యము గెలిచినను, ఓడినను, వాయిదాకు రాక కొట్టివేయబడినను మనోవర్తి ఉత్తర్వు అట్లే ఉండును. బిడ్డ తండ్రియొద్దకు చేరినదనియో మరేదో పరిస్థితి మారినదనియో చెప్పుకొనదలచినవాడు ఆ ఉత్తర్వునిచ్చిన కోర్టుకే పోయి మార్పించుకొనవలెను. దానికి సెక్షను వేరుగ ఉన్నది. కార్యాలయములో దరఖాస్తు ఇచ్చి మార్పించుకొనుటకు వీలులేదు.

అన్ని మనోవర్తి ఉత్తర్వులును ఇట్టివే యని మాత్రము అనుకొనరాదు. మా గుమాస్తా పొరపాటునకు కొంత సాకు దొరకునది ఇక్కడనే. 1955 నాటి హిందూ వివాహ చట్టములో 24వ సెక్షను క్రింద ఇచ్చు మధ్యంతర భృతి, మూల వ్యాజ్యము నడచుచున్నంతకాలమునకే. ఆ చట్టములోని 25వ సెక్షను క్రింద ఇచ్చు శాశ్వత భృతికి గూడ ఒక డిక్రీ కావలెను. మూల పిటిషను కొట్టివేయబడినచో దానిని ఆధారము చేసికొని ఆ భృతి అడుగుటకు వీలులేదని 1993లో చాంద్ ధావన్ కేసులో సుప్రీముకోర్టు చెప్పినది. అట్టివారు 1956 చట్టము క్రింద వేరుగ అడుగుకొనవలసినదే. కొమ్మ విరిగినచో ఆ కొమ్మ కాయ రాలును. పక్క చెట్టు కాయ రాలదు. ఏ కాయ ఏ చెట్టుదో తెలియవలెననిన ఉత్తర్వుపై వ్రాసిన సెక్షను చూడవలెను. ఫైలు అట్ట చూచిన తెలియదు.

అప్పటి నా కలవరమునకు వేరొక కారణము గూడ ఉన్నది. మనోవర్తి బాకీ వసూలుకై వారంటు కోరుటకు, ఆ మొత్తము బాకీ పడిన నాటినుండి ఒక సంవత్సరములోపల దరఖాస్తు చేయవలెనని ఆ సెక్షనులోనే నియమమున్నది. ఏప్రిల్ నెల పైకము ఆగినది. ఉత్తరము నా చేతికి వచ్చినది ఫిబ్రవరిలో. గడువు మిగిలినది రెండు నెలలు. ఆ తరువాత నెలకొక నెల చొప్పున ఆ తల్లి చేతినుండి ఆ మార్గము జారిపోవుచుండును. నా సంతకపు ధర నాకప్పుడు లెక్క తెలిసినది.

ఈ నియమము విషయములో సుప్రీముకోర్టు కొంత ఊరట కలిగించినది. గడువులోపల ఒకసారి దరఖాస్తు పెట్టినచో, అది పరిష్కారము కాకుండ ఉన్నంతకాలము, తరువాత పేరుకొన్న బాకీని ఆ దరఖాస్తులోనే అడుగవచ్చునని 2005లో శాంత కేసులో చెప్పినది. గడువు దాటినను బాకీ బాకీయే, ఆ ప్రత్యేక మార్గము మాత్రమే మూసికొనునని 2013లో పూంగోడి కేసులో చెప్పినది. అంతకు ముందే, 1988లో కుల్‌దీప్ కౌర్ కేసులో, బాకీ చెల్లింపక జైలుకు పోయి వచ్చినంత మాత్రమున ఋణము తీరదని తేల్చినది. జైలు అనునది చెల్లింపజేయుటకు మార్గమే గాని చెల్లింపు కాదు. "పోతే నెల రోజులు లోపలుండి వస్తాను" అని మీసము తిప్పువారు ఈ తీర్పును ఎవరిచేతనైన చదివించుకొని వినుట మంచిది.

ఇక 2020 నవంబరు 4న వచ్చిన రజనేష్, నేహా కేసు తీర్పు ఈ విషయమున నేటికిని మార్గదర్శి. తీర్పునిచ్చిన ఇద్దరు న్యాయమూర్తులలో ఒకరు ఆర్. సుభాష్ రెడ్డిగారు, మెదక్ జిల్లాలో పుట్టినవారు, సుప్రీముకోర్టుకు పోవుటకు ముందు ఈ గుజరాతు హైకోర్టుకే ప్రధాన న్యాయమూర్తిగ ఉన్నవారు. మనవారి పేరు కనబడినప్పుడు కొంచెము ఆగి చూచుకొనుట ప్రవాసాంధ్రుని బలహీనత, మన్నింతురు గాక. దానిలోని రెండు మాటలు మన కథకు సరిగ తగును. క్రొత్తగ మనోవర్తి కోరువారు, అంతకు ముందు వేరొక వ్యాజ్యములో ఏమైన ఉత్తర్వు వచ్చియున్నచో దానిని దాచక చెప్పవలెను. కోర్టువారు ఆ మొత్తమును లెక్కలోనికి తీసికొందురు. మునుపటి ఉత్తర్వును మార్పవలసివచ్చినచో, ఆ మునుపటి వ్యాజ్యములోనే మార్పించుకొనవలెను. అనగా పాత కేసు పాతబడినదని పారవేయుటకు వీలులేదు. ఉత్తర్వు చిరునామా అదే. మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీనుండి ఇవ్వవలెనని గూడ ఆ తీర్పులోనే నిర్ణయించిరి.

మా ఉద్యోగిని పిలిపించితిని. చాలసేపు తల వంచుకొని నిలుచుండి, "కేసు పోయిందనుకున్న సార్" అనెను. పది నెలలుగ ప్రతి నెలయు జీతము మూడువేలు ఎక్కువగ వచ్చుచుండినప్పుడు ఆ యనుమానము కలుగలేదా యని అడిగితిని. అప్పుడు అసలు మాట బయటపడినది. "ఏడాదిన్నర సంది పిల్ల మొకం సూడలేదు సార్. పోతే తలుపు తీయరు. సూపనిదానికి పైసలెందుకియ్యాలె?"

ఈ మాటను నేను తేలికగ తీసివేయను. ఆ మనిషి కండ్లలో నీరు నిజమైన నీరు. మీలో కొందరికి ఈ బాధ తెలిసియే ఉండును. తెలిసిన తండ్రులు చాలమంది ఉందురు. కాని చట్టము ఈ రెండింటిని తూకము వేయదు. బిడ్డను చూచుటకు తండ్రికి గల హక్కు వేరు. అది కోర్టులో అడుగవలసినది. ఆయన అడిగెను, వాయిదాలకు పోలేకపోయెను. మరల వేయవచ్చును. బిడ్డ తినుట అంతవరకు ఆగదు. అట్లే మనోవర్తి పుచ్చుకొనుచు తండ్రికి బిడ్డను చూపకుండ తలుపులు మూయుట గూడ న్యాయము కాదని తల్లులకు చెప్పవలెను. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము 13వ సెక్షనులో బిడ్డ క్షేమమే ప్రధానమని యున్నది. తండ్రి కోపముగాని తల్లి కోపముగాని ప్రధానమని లేదు. ఇంతయు నేను ఆయనకు ఉపన్యాసముగ చెప్పలేదు. "పిల్ల బడి మానినది; బీడీలు చుట్టుచున్నది" అని ఆ ఉత్తరము ఆయన చేతికిచ్చితిని. ఆయన దానిని రెండుసార్లు చదివి, మడిచి, తన జేబులో పెట్టుకొనబోయి, అది కార్యాలయపు కాగితమని జ్ఞాపకము వచ్చి తిరిగి ఇచ్చెను.

తరువాత నేను చేసినది పెద్ద పనియేమి కాదు. ఫైలు రికార్డు చేయుట పొరపాటనియు, ఆ పొరపాటు నా సంతకముతో జరిగినదనియు నోటు వ్రాసి పై అధికారికి పంపితిని. సంజాయిషీ అడుగుదురని భయపడితిని, అడిగిరి, ఇచ్చితిని. ఫిబ్రవరి జీతమునుండి మినహాయింపు మరల మొదలయినది. పది నెలల బాకీని మా అంతట మేము కోయుటకు ఉత్తర్వులో మాట లేదు. కావున, ఏప్రిల్ లోపల అదే కోర్టులో బాకీకి దరఖాస్తు వేయుడని ఆ తల్లికి తెలుగులో ఉత్తరము వ్రాసితిని. లాయరు ఖర్చు ఎట్లని ఆమె అడుగునని తెలియును. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలకును బిడ్డలకును, ఆదాయముతో పనిలేక, ఉచిత న్యాయ సహాయము పొందు అర్హత ఉన్నది. ఆ సంగతియు వ్రాసితిని. ఆమె మార్చిలో దరఖాస్తు వేసినది. ముప్పదివేలు ఐదు వాయిదాలలో వసూలైనవి. ఏడవ తరగతి సంవత్సరము మాత్రము వసూలు కాలేదు. ఆ పిల్ల మరుసటి జూన్‌లో మరల ఏడవ తరగతిలోనే కూర్చున్నది.

మనము ప్రభుత్వోద్యోగులము గనుక మనకే ప్రత్యేకించిన సంగతులు కొన్ని కలవు. సామాన్యపు అప్పుల డిక్రీలకు జీతములో మొదటి వేయి రూపాయలును మిగిలినదానిలో మూడింట రెండు పాళ్లును జప్తునుండి మినహాయింపు పొందును. మనోవర్తి డిక్రీకి ఆ రక్షణ తలక్రిందులగును: సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను ప్రకారము మూడింట ఒక పాలు మాత్రమే ఉద్యోగికి మిగిలించి, రెండు పాళ్లవరకు జప్తు చేయవచ్చును. అప్పులవానికంటె బిడ్డకు ముందు స్థానమున్నదన్నమాట. భార్యాబిడ్డలను ఉపేక్షించు ప్రభుత్వోద్యోగిపై శాఖాపరమైన చర్య గూడ తీసికొనవచ్చునని కేంద్ర హోం మంత్రిత్వశాఖ 1959 సెప్టెంబరు 1వ తేదీ మెమోరాండములోనే స్పష్టము చేసినది. అరువది యేండ్లు దాటినవి. ఎంతమంది చదివిరో నాకు సందేహమే. నేనును ఈ సంఘటన జరుగువరకు చదువలేదు.

ఇతర దేశములలో ఎట్లున్నదని కుతూహలముతో చూచితిని. అమెరికాలో 1975నుండి ఇందుకు ప్రత్యేక ప్రభుత్వ యంత్రాంగము ఏర్పడినది. తండ్రి జీతమునుండి మినహాయించి బిడ్డకు చేర్చుట అక్కడ నిత్యకృత్యము. ఆస్ట్రేలియావారు 1988లో ఆదాయపు పన్ను శాఖనే ఈ పనికి నియోగించిరి. పన్ను వసూలు చేయగలవారు ఇదియు వసూలు చేయగలరని వారి యూహ కాబోలు. ఇచ్చటి ఆదాయపు పన్ను మిత్రులు నవ్వుచున్నారు. ఆ పనియు తమ నెత్తిన పడునేమోయని భయము! మన దేశములో అట్టి యంత్రాంగము లేదు. ఉత్తర్వు తెచ్చుకొన్న తల్లియే తన కేసునకు తాను గుమాస్తా, తాను బంట్రోతు. నెల తప్పినచో తెలిసికొనవలసినది ఆమెయే, అడుగవలసినది ఆమెయే. ఆమె వ్రాసిన ఉత్తరమును చదువువాడు ఉండునో ఉండడో.

అందుచేత లింబాయత్‌లోగాని, ఉధనాలోగాని మీకు పరిచయమున్న కుటుంబములలో ఇట్టి చిక్కు ఉన్నచో మీరు చెప్పగల మాట ఒకటి ఉన్నది. సిరిసిల్లలోనో జనగామలోనో వచ్చిన మనోవర్తి ఉత్తర్వును అమలు చేయించుటకు, సూరత్‌లో ఉన్న తండ్రిని అక్కడికి ఈడ్చుకొని పోవలసిన పని లేదు. ఆ మనిషి ఎచ్చట ఉండునో అచ్చటి మేజిస్ట్రేటు దానిని అమలు చేయవచ్చును. పాత కోడులో 128వ సెక్షను, నేటి సంహితలో 147వ సెక్షను అదే చెప్పును. సూరత్‌లో కుటుంబ న్యాయస్థానము గూడ ఉన్నది. అట్లే మనోవర్తి కోరు తల్లి తానున్న ఊరిలోనే కోరవచ్చును. భర్త ఊరికి రానక్కరలేదు. ఉత్తర్వు ధ్రువీకృత నకలు మాత్రము ఆమె దగ్గర ఉండవలెను. చాలమంది దానిని లాయరుగారి దగ్గరనో, అన్నగారి బీరువాలోనో వదలివేయుదురు. అన్నదమ్ములకు కోపము వచ్చిననాడు ఆ బీరువా తెరచుకొనదు.

కార్యాలయములలో సిబ్బంది విభాగము చూచు మిత్రులతో గూడ ఒక మాట. ఇప్పుడు కాగితపు కట్టలు తగ్గి, ఫైళ్లు కంప్యూటరులోనికి పోయినవి. రికార్డు గదికి పోయి దుమ్ము దులుపుకొను బాధ తప్పినది. కాని పాత ఫైలులోనే క్రొత్త ఉత్తర్వును చేర్చు అలవాటు కంప్యూటరులో గూడ అట్లే సాగుచున్నది. అందులో ఫైలు మూయుటకు ఒక మీట నొక్కిన చాలును, నలుబది ఫైళ్లు పది నిమిషములలో మూయవచ్చును. మనోవర్తి ఉత్తర్వు వచ్చిననాడే దానికొక వేరు ఫైలు తెరచి, బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండు తేదీ అట్టపైనే వ్రాసి ఉంచుడు. మా కార్యాలయములో ఆ ఫిబ్రవరిలో నేను తెరపించిన క్రొత్త ఫైలుపై "కుమార్తె మనోవర్తి, 2018 వరకు" అని నా చేతితోనే వ్రాసితిని. ఢిల్లీకి బదిలీ అయినప్పుడు నా స్థానములోనికి వచ్చినవారికి అప్పగించిన కాగితములలో దానిని మొదట పెట్టితిని. ఆయన గుజరాతీ. తెలుగు ఉత్తరములు వచ్చినచో నాకు పంపుడని చిరునామా గూడ వ్రాసియిచ్చితిని.

ఉత్తరములు రాలేదు. రాలేదనగా పైకము చేరుచున్నదని అర్థము చేసికొంటిని. 2018లో ఆ పిల్లకు మైనారిటీ తీరువరకు ఒక్క నెలయు తప్పలేదని అచ్చటి మిత్రుడొకరు ఫోనులో చెప్పెను. ఫైలు ముగించుచు వ్రాసిన నోటు ఈసారి ఒక పుట నిండ ఉన్నదట. పెండ్లికాని కుమార్తె తన్ను తాను పోషించుకొనలేనిచో 1956 చట్టము క్రింద పదునెనిమిదేండ్ల తరువాత గూడ తండ్రిని అడుగవచ్చునని దానిలో ఒక వాక్యము చేర్చి, ఆ సంగతి తల్లికి తెలుపవలెనని వ్రాసిరట. ఆ వాక్యము వ్రాసినది ఎవరని అడిగితిని. నాడు రెండున్నర పంక్తుల నోటు వ్రాసిన గుమాస్తాయే.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. తెర వెనుక పిల్లలు వేషములు వేసికొని అరగంటగ నిలుచున్నారు. వారిలో చిన్నవాడొకడు తన కిరీటము జారిపోవుచున్నదని ఏడ్చుట ఇక్కడికి వినబడుచున్నది.